వేసవిలో అగ్నిప్రమాదములు – గ్రామస్థులు ముందుగా తీసికొనవలసిన జాగ్రత్తలు

(ఒక వ్యవసాయాధికారి, బి.యస్సి., అగ్రికల్చర్)

పండిన పంటకు శత్రువులు అనేకము. పురుగు పట్టును, తెగులు సోకును, తుపాను ముంచును. అయితే వీనిలో ప్రతిదానికిని కొంత వ్యవధి ఉండును. పురుగు కనిపించిన పిమ్మట మందు చల్లుటకు నాలుగు దినములైనను చిక్కును. నిప్పు మాత్రము అట్టి వ్యవధి నీయదు. సంవత్సరము పొడుగున పడిన కష్టమును అరగంటలో బూడిద చేయును. పంటల సంరక్షణను గూర్చి ఎంతో శ్రద్ధతో చెప్పు మేము, ఇంటికి చేరిన పంటను, పశువులను నిప్పునుండి కాపాడుకొనుటను గూర్చి అంతగా చెప్పుట లేదు. ఈ లోపము నాయందును ఉండెను. అది నాకు ఎట్లు తెలిసివచ్చినదో ముందుగా చెప్పెదను.

కొన్ని సంవత్సరముల క్రిందట డెల్టా ప్రాంతములోని ఒక గ్రామమునకు మట్టి నమూనాలు తీయుటకై వెళ్లితిని. ఉగాది ఇంకను రాలేదు. ఎండ తీవ్రముగా ఉన్నందున ఒక రైతు దొడ్డిలో గడ్డివాము నీడన కూర్చుండి మజ్జిగ త్రాగితిని. ఆ వామును ఆనుకొనియే పశువుల పాక ఉన్నది. పాకకు ఇరువది అడుగుల దూరములో తాటాకు ఇల్లు. ఇంటి ముసలమ్మగారు పొయ్యిలోని బూడిదను తట్టతో తెచ్చి వాము ప్రక్కనున్న పెంటపై పోసి వెళ్లినారు. ఇదంతయు నా కంట పడినది. అయినను నేను వచ్చినది మట్టి కొరకు గదా అని ఊరకుంటిని.

పండ్రెండు దినముల తరువాత ఆ గ్రామము కాలినదని కబురు వచ్చినది. పెంటపై పోసిన బూడిదలో ఆరని కణిక ఉన్నది. మధ్యాహ్నము పడమటి గాలి లేచినది. రవ్వ వాములో పడినది. వామునుండి పాకకు, పాకనుండి ఇంటికి, అచ్చటినుండి వరుసగా పదకొండు ఇండ్లకు మంట ప్రాకినది. మగవారు పొలములలో ఉన్నారు. కాలువలు కట్టివేసినందున నీరు లేదు. పట్టణమునుండి ఫైరింజను వచ్చుసరికి నలుబది నిమిషములు పట్టినది. మనుష్యులు దక్కినారు. ఒక ఎద్దు, ఒక దూడ కట్టుకొయ్య వద్దనే చనిపోయినవి. విత్తనమునకు ఉంచుకొన్న ధాన్యము, మినుములు, పట్టాదారు పాసు పుస్తకము మిగులలేదు.

నేను పరామర్శకు వెళ్లినపుడు ఆ రైతు నన్ను నిందింపలేదు. “వాము అక్కడ వేయకూడదని మాకెవరు చెప్పారు బాబూ? మా తాతల నాటి నుంచీ అక్కడే వేస్తున్నాం” అని మాత్రము అన్నాడు. నావద్ద సమాధానము లేకపోయినది. ఆనాడు చెప్పని మాటలను ఇచట వివరముగ వ్రాయుచున్నాను.

నిప్పు ఎట్లు పెరుగును?

నిప్పు మండుటకు మూడు వస్తువులు కావలెను: మండు పదార్థము, వేడి, గాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కదానిని తీసివేసినను నిప్పు ఆరిపోవును. నీరు పోసిన వేడి తగ్గును. తడి గోనెసంచి కప్పినను, ఇసుక పోసినను గాలి అందదు. ప్రక్కనున్న గడ్డిని లాగివేసినచో మండుటకు పదార్థము దొరకదు. అగ్నిమాపక సిబ్బంది చేయు పనియంతయు ఈ మూడింటిలోనే ఇమిడియున్నది.

మన ప్రాంతములో ఫాల్గుణమునుండి జ్యేష్ఠము వరకు ప్రమాదములు హెచ్చు. ఇందుకు కారణములు స్పష్టము. కప్పునకు వేసిన తాటాకు, రెల్లు, వరిగడ్డి పూర్తిగా ఎండియుండును. మధ్యాహ్నపు వడగాలి రవ్వలను దూరమునకు మోసికొనిపోవును. గోదావరి, కృష్ణా డెల్టాలలో కాలువలు మరమ్మతుల కొరకు కట్టివేయుదురు. మెట్ట ప్రాంతములలో చెరువులు ఎండిపోవును. అనగా నిప్పునకు అనుకూలమైన దినములలోనే మనకు నీరు తక్కువగా ఉండును. ఆ వేళ ఇంటివద్ద ముసలివారు, పిల్లలు మాత్రమే ఉందురు. కావున వేసవికి ముందే ఏర్పాట్లు చేసికొనవలెను.

గడ్డివాము ఎక్కడ వేయవలెను?

గ్రామములలో చిన్న నిప్పును పెద్దదిగా చేయునది ఎక్కువగా గడ్డివామే. ఈ క్రింది విషయములు గమనింపవలెను.

1. వామును ఇంటికి, పశువుల పాకకు కనీసము 60 అడుగుల దూరములో వేయవలెను. స్థలమున్నచో ఇంకను దూరము మంచిది.

2. వేసవిలో గాలి ప్రధానముగా పడమటి దిక్కునుండి వీచును. కాబట్టి వాము ఇంటికి పడమట ఉండరాదు. తూర్పున ఉన్నచో, వాము అంటుకొన్నను రవ్వలు ఇంటిపైకి రావు. అయితే మీ తూర్పు మీ పొరుగువారికి పడమర కావచ్చును. ఇరువురు కలిసి ఆలోచించి స్థలము నిర్ణయించుకొనవలెను.

3. కరెంటు తీగల క్రింద, ట్రాన్సుఫార్మరు దగ్గర ఎట్టి పరిస్థితులలోను వాము వేయరాదు. గాలికి తీగలు ఒకదానినొకటి తాకినపుడు రవ్వలు రాలును.

4. ఒక పెద్ద వామునకు బదులు రెండు చిన్న వాములు, నడుమ ఖాళీ విడిచి వేసికొనుట మేలు. ఒకటి పోయినను రెండవది పశువులకు దక్కును.

5. వాము చుట్టును పది అడుగుల మేర ఎండుటాకులు, చెత్త లేకుండ చెక్కి శుభ్రముగా ఉంచవలెను.

“వాము దూరంగా వేస్తే రోజూ గడ్డి ఎవరు మోస్తారు?” అని ఇంటి ఆడవారు అడుగుదురు. ఇది న్యాయమైన ప్రశ్న. మోయువారు సాధారణముగా వారే. దీనికి ఒక ఉపాయము కలదు. రెండు దినములకు సరిపడు గడ్డిని మాత్రము సాయంకాలము తెచ్చి పాక వద్ద ఉంచుకొనవలెను. మిగిలినది దూరముననే ఉండవలెను. రెండు మోపుల గడ్డి అంటుకొన్నచో నాలుగు బిందెలతో ఆర్పవచ్చును. వాము అంటుకొన్నచో ఊరంతయు కూడినను ఆర్పుట కష్టము.

తడి గడ్డి వలన ప్రమాదము

బయటి రవ్వ లేకుండనే వాము కాలుట కూడ కలదు. తుపాను వర్షములలో తడిసిన గడ్డిని సరిగా ఆరనీయక వాము వేసినపుడు, లేక యంత్రముతో గట్టిగా కట్టలు కట్టినపుడు, లోపల సూక్ష్మజీవులు పెరిగి వేడి పుట్టించును. గడ్డిలో తేమ నూటికి 20 వంతులకు మించినచో ఈ వేడి హెచ్చు ప్రమాదము కలదు. గడ్డి మందముగా ఉండుటచే ఆ వేడి బయటకు పోదు. అది 65 డిగ్రీల సెంటిగ్రేడుకు చేరినచో అపాయమని గ్రహింపవలెను. అటుపై రసాయనిక మార్పుల వలన వేడి తనంత తానే పెరిగి, చివరకు గడ్డి అంటుకొనును.

వాములోనుండి ఆవిరి వచ్చుట, మాగిన వాసన లేక మాడిన బెల్లపు వాసన కొట్టుట దీని చిహ్నములు. పరీక్షించుటకు ఒక ఇనుప గునపమును వాము మధ్యకు గ్రుచ్చి పావుగంట ఉంచి తీయవలెను. చేతితో పట్టుకొనలేనంత వేడిగా ఉన్నచో వాము లోపల కాగుచున్నదన్నమాట. అట్టి వామును తొందరపడి విప్పరాదు. లోపలికి గాలి సోకగానే భగ్గున మండవచ్చును. నీటి ఏర్పాటు చేసికొని, వీలైనచో అగ్నిమాపక కేంద్రమునకు తెలిపి, పిమ్మట విప్పవలెను. వాముపైకి ఎవ్వరును ఎక్కరాదు. లోపల కాలి గుల్లయై ఉన్నచో మనిషి కూరుకొనిపోవును.

పొయ్యి, బూడిద, పొగ

చల్లారినట్లు కనిపించు బూడిదలో కణికలు మరునాటి వరకు బ్రతికి ఉండగలవు. కావున బూడిదను పెంటపై పోయుటకు ముందు నీరు చల్లి, కర్రతో కలియబెట్టి, మరల నీరు చల్లవలెను. పెరటిలో ఒక గొయ్యి త్రవ్వి బూడిదను అందులోనే పోసినచో ఇంకను క్షేమము. తడిసిన బూడిదయు పొలమునకు పనికివచ్చును. 

దోమల కొరకు పశువుల పాకలో రాత్రివేళ పొగ వేయుట మనకు అలవాటు. పిడకలు, వేపాకు కుంపటిలో గాని, పగిలిన కుండలో గాని వేసి, పాక బయట గాలివాలున ఉంచవలెను. నేలపై కుప్పగా వేసి నిద్రపోయినచో, పశువు కాలితో తన్నిన పిడక గడ్డిలో పడును.

చుట్ట, బీడీ త్రాగువారు వాము దగ్గర, కళ్లములో త్రాగరాదు. పీకను కాలితో నలిపి ఆరినదని చూచిన పిమ్మటనే కదలవలెను. అగ్గిపెట్టె పిల్లలకు అందనీయరాదు. దేవుని ముందు వెలిగించిన దీపమును గడ్డికప్పునకు, తెరలకు దూరముగా ఉంచవలెను. తాటాకు ఇండ్లున్న వీధులలో దీపావళినాడు తారాజువ్వలు వేయరాదు.

పొయ్యికి పైనున్న కప్పు లోపలిభాగమును మట్టి, పేడ కలిపి మెత్తినచో రవ్వలు వెంటనే అంటుకొనవు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థవారు గడ్డికప్పులకు తారు కలిపిన మట్టిపూతను రూపొందించినారు. ఇది వానకు కొట్టుకొనిపోక, నిప్పును కొంతసేపు ఆపును. ఆ కొద్ది వ్యవధియే ప్రాణములను కాపాడును.

గ్యాసు, కరెంటు

వంటగ్యాసు గాలికంటె బరువైనది. అది పైకి పోక నేలబారున వ్యాపించి మూలలలో నిలిచియుండును. దానికి స్వతహాగా వాసన లేదు. కారినపుడు తెలియుటకై ఘాటైన వాసన కలుపుదురు. ఆ వాసన తగిలినచో దీపము వెలిగింపరాదు, స్విచ్చి వేయరాదు, ఆర్పనురాదు. రెగ్యులేటరు కట్టివేసి, తలుపులు, కిటికీలు తెరచి, అందరును బయటకు రావలెను. బయటకు వచ్చిన పిమ్మట 1906 నంబరుకు ఫోను చేయవలెను. సిలిండరును నిలువుగా ఉంచి, స్టవును దానికంటె ఎత్తున పెట్టవలెను. గొట్టమును 5 సంవత్సరముల కొకసారి తప్పక మార్పించవలెను. పగుళ్లు కనిపించినచో వెంటనే మార్పించవలెను. కట్టెల పొయ్యిని, గ్యాసు సిలిండరును ఒకే గదిలో ఉంచరాదు.

వంట చేయునపుడు నైలాను, పాలియెస్టరు చీరలు ప్రమాదకరము. అవి కరిగి ఒంటికి అంటుకొనును. నూలు చీర కట్టుకొని, పైట కొంగు నడుమున దోపుకొనవలెను. బాణలిలో నూనె అంటుకొన్నచో నీరు పోయరాదు, మంట ఎగసిపడును. స్టవు ఆర్పి, బాణలిపై మూత వేసినచో చాలును.

ఫ్యూజు పోయినపుడు దాని స్థానములో లావు రాగితీగ చుట్టుట పెద్ద పొరపాటు. ఫ్యూజు తీగ తాను కాలిపోయి ఇంటిని కాపాడుటకు ఏర్పడినది. లావు తీగ వేసినచో అది నిలుచును, గోడలోని తీగలు కాలును. కప్పు గడ్డిని తాకుచు తీగలు పోనీయరాదు. మోటారు స్టార్టరు పెట్టెల వద్ద ఎండుగడ్డి పెరగనీయరాదు. వ్రేలాడుచున్న తీగలను గూర్చి 1912 నంబరుకు తెలుపవలెను.

కళ్లము, బండి, ప్రత్తి

గడ్డి ఎత్తుగా వేసిన ట్రాక్టరు ట్రక్కు, వ్రేలాడు తీగలను తాకి అంటుకొనుట తరచుగా జరుగుచున్నది. బయలుదేరుటకు ముందే దారిలోని తీగల ఎత్తు చూచుకొనవలెను. దారిలో అంటుకొన్నచో డ్రైవరు ఊరిలోనికి పోనీయక, ఖాళీ స్థలమునకు తోలి, వీలైనచో ట్రక్కును విడదీసి ఇంజనును దూరము చేయవలెను. అయితే తీగ ఇంకను బండిపై పడియున్నచో విద్యుత్తు నిలిపివేయు వరకు ఎవ్వరును బండిని తాకరాదు. కోత యంత్రముల పొగగొట్టము దగ్గర చేరిన పొట్టును దినమునకు రెండు మార్లు తుడిచివేయవలెను.

వర్జీనియా పొగాకు పండించు రైతులు, బ్యారన్‌లో ఆకు జారి వేడి గొట్టములపై పడకుండ క్రింద ఇనుప వల కట్టవలెను.

ప్రత్తిని ఇంటి గదులలో నిలువ చేయు రైతులు మరింత జాగరూకులై ఉండవలెను. ప్రత్తిలో పడిన రవ్వ మంట చూపక లోలోపల రాజుకొనుచుండును. పైన నీరు పోసినను లోపలికి దిగదు. దీనికి ఒక గొప్ప ఉదాహరణము కలదు. 1944 ఏప్రిల్ 14వ తేదీన బొంబాయి రేవులో ఫోర్టు స్టికిన్ అను ఓడలోని ప్రత్తి బేళ్లలో నిప్పు పుట్టినది. ఎంత నీరు పోసినను నిప్పున్న చోటు చిక్కలేదు. అదే ఓడలో పేలుడు పదార్థములు కూడ ఉన్నవి. సాయంకాలము 4 గంటలు దాటగానే ఓడ పేలినది. వందలాది జనులు మరణించినారు. వారిలో 66 మంది అగ్నిమాపక సిబ్బంది. వారి స్మృత్యర్థమే ఏటేట ఏప్రిల్ 14 నుండి 20 వరకు అగ్నిమాపక వారోత్సవములు జరుగుచున్నవి. కావున ప్రత్తి ఉన్న గదిలో దీపము, వంట, బీడీ ఏదియు ఉండరాదు, అందు నిద్రింపనురాదు.

కోసిన పిమ్మట పొలములో గడ్డిని తగులబెట్టుట మరియొక కారణము. మన చేనికి పెట్టిన నిప్పు గాలి మారినచో పొరుగువాని తోటకు, వామునకు పోవును. పైగా టన్ను వరిగడ్డితోపాటు సుమారు 5 కిలోల నత్రజని కాలి పోవును. గడ్డిని దున్ని కలిపివేయుటయో, కంపోస్టు చేయుటయో లాభకరము.

గ్రామము కలిసి చేయవలసిన పనులు

ఫైరింజను ఎంత వేగముగా వచ్చినను మొదటి పది నిమిషములు గ్రామస్థుల చేతిలోనివే. ఆ పది నిమిషముల కొరకు పంచాయతీ, యువజన సంఘము, మహిళా సంఘములు కలిసి ఈ ఏర్పాట్లు చేయవచ్చును.

1. ప్రతి ఇంటి ముందు వేసవి నెలలలో ఒక తొట్టి నీరు, రెండు బకెట్ల ఇసుక, రెండు గోనెసంచులు ఉంచుట.

2. ప్రతి వీధికి ఒక పొడుగు వెదురుగడకు ఇనుప కొక్కెము బిగించి, ఒక నిచ్చెనతో కూడ అందరికి తెలిసిన చోట ఉంచుట. గాలివాలున ఉన్న ఇంటి కప్పు అంటుకొనకముందే లాగివేయుటకు ఇవి అక్కరకు వచ్చును.

3. ఊరిలోని మోటారు బావులు, ఆయిలింజన్లు, మందు చల్లు పవరు స్ప్రేయర్లు, నీటి ట్యాంకరు ఎవరెవరి వద్ద కలవో ఫోను నంబర్లతో పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయుట. మందు చల్లిన స్ప్రేయరును బాగుగా కడిగిన పిమ్మటనే వాడవలెను.

4. ఫైరింజను తిరుగుటకు వీలుగా వీధులలో బండ్లు, కలప, గడ్డి అడ్డు లేకుండ చేయుట.

5. పగటివేళ ఊరిలో ఉండు పదిమందిని ఎంపిక చేసి, అగ్నిమాపక కేంద్రమువారిని పిలిపించి వారికి తరిఫీదు ఇప్పించుట. ఏప్రిల్ వారోత్సవములు ఇందుకు తగిన సమయము. ఈ పదిమందిలో ఆడవారు తప్పక ఉండవలెను. మధ్యాహ్నము ఊరిలో ఉండునది వారే.

పశువుల పాకలో గొలుసులకు బదులు పగ్గములు వాడి, ఒక్క గుంజుతో ఊడు జారుముడి వేయవలెను. పాక గుంజకు ఒక కొడవలి ఎల్లప్పుడును గ్రుచ్చి ఉంచవలెను. ఆ ఊరిలో చనిపోయిన ఎద్దు పగ్గము బిగిసి ముడి ఊడక చనిపోయినది. కొడవలి చేతికి అందినచో అది బ్రతికెడిది.

పాసు పుస్తకము మొదలగు కాగితముల నకళ్లు తీయించి వేరొక ఇంటిలో ఉంచుట, విత్తనములో కొంత భాగము బంధువుల ఇంట దాచుట మంచిది.

నిప్పు అంటుకొన్నచో

1. ముందు కేకవేసి అందరిని హెచ్చరించవలెను. వెంటనే 101 లేక 112 నంబరుకు ఫోను చేసి, ఊరి పేరు, మండలము, దారి గుర్తులు చెప్పవలెను. “మనమే ఆర్పేద్దాం, చూద్దాం” అని ఆలస్యము చేయరాదు.

2. ముసలివారిని, పిల్లలను, పిమ్మట పశువులను బయటకు తేవలెను. బెదరిన పశువు మరల పాకలోనికే పరుగెత్తవచ్చును. దూరముగా తోలి కట్టివేయవలెను.

3. మెయిను స్విచ్చి తీసివేయవలెను. కరెంటు ఉన్నచోట నీరు పోయరాదు. పొడి ఇసుక పోయవలెను.

4. మండుచున్న ఇంటిపైననే నీరంతయు పోయక, గాలివాలున ఉన్న ప్రక్క ఇండ్ల కప్పులను తడిపి తడి గోనెలు పరచవలెను.

5. పొగలో చిక్కినవారు తడిగుడ్డ ముక్కునకు అడ్డము పెట్టుకొని నేలబారున ప్రాకుచు రావలెను. క్రింద పొగ తక్కువగా ఉండును.

6. బట్టలు అంటుకొన్నవారు పరుగెత్తరాదు. నేలపై పడి దొర్లవలెను. ఇతరులు నూలు దుప్పటి కప్పవలెను.

7. సామాను కొరకు మరల లోనికి పోరాదు.

కాలిన గాయముపై చల్లని శుభ్రమైన నీటిని 20 నిమిషములు ధారగా పోయవలెను. గాజులు, ఉంగరములు వాపు రాకముందే తీయవలెను. అంటుకొన్న బట్టను పీకరాదు. సిరా, టూత్‌పేస్టు, పసుపు, పేడ ఏదియు పూయరాదు. శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి 108 వాహనమును పిలువవలెను.

ముగింపు

ఆ గ్రామములో ఇప్పుడు గడ్డివాములు ఊరికి తూర్పున, పోరంబోకు స్థలములో వరుసగా, నడుమ ఖాళీలు విడిచి ఉన్నవి. ఆ ముసలమ్మగారు బూడిదపై చెంబుతో నీరు పోసి కలియబెట్టుట నేను స్వయముగా చూచితిని. ఇందులో ఖర్చుతో కూడిన పని ఏదియు లేదు.

రైతు సోదరులు, గృహిణులు ఈ వ్యాసము చదివిన పిమ్మట ఒక్కసారి తమ దొడ్డిలోనికి వెళ్లి చూడవలెను. వాము ఎక్కడున్నది? దానిపై తీగలు ఉన్నవా? బూడిద ఎక్కడ పోయుచున్నారు? పశువు ముడి ఎట్లున్నది? నాలుగింటిలో ఏది సరిగా లేకున్నను ఈ వారములోనే సరిచేసికొనవలెను. నాతోటి విస్తరణ ఉద్యోగులకు కూడ ఒక మనవి. మట్టి కొరకు వెళ్లినను, విత్తనము కొరకు వెళ్లినను, దొడ్డిలో అపాయము కంటబడినచో ఆ మాట చెప్పియే రావలెను.